వచ్చింది, వదిలేశాను

మెమో తెచ్చాడు ఏసోబు, లాకు లస్కరు.
చొక్కా జేబులో నాలుగు మడతలు,
చెమటకి ఆఫీసరు సంతకం అలుక్కుపోయింది.
"ఇంగిలీసులో సంజాయిషీ ఇమ్మన్నారండి టీచరుగారూ.
మీరు చెప్పండి, చేత్తో నేనే రాయాలంట."

ఆషాఢం. కాలవ నిండా ఎర్రనీళ్లు.
రాత్రిపూట పడవలు వదలకూడదని రూలు.
తెల్లారేసరికి గేజిరాయి చాడీ చెప్పేసింది.

"ఏం జరిగింది?"
"ఆయ్. వచ్చిందండి. వదిలేశాను."

అంతే. రెండు మాటలు.
మన క్రియ ఒంటరిగా ప్రయాణం చేస్తుంది,
పడవ వెనక లాంతరు కట్టినట్టు
చివర 'ను' ఒక్కటి చాలు
ఏసోబు మొహం కనపడ్డానికి.
వాళ్ల క్రియ అలా కాదు.
లెట్ అంటే ఎవరు వదిలారో తెలీదు,
నిన్నో ఇవాళో కూడా తెలీదు.
ముందొకరు నిలబడాలి.

"ఐ అని రాయి."
రాశాడు. నిట్టనిలువు గీత.
"నేనింత పొడుగు కాదండి" అని నవ్వాడు.

"లెట్ ఒక తలుపు. త్రూ ఇంకో తలుపు."
చప్పున అందింది అతనికి, నాకంటే బాగా.
ఇరవై రెండేళ్లుగా తీస్తున్నాడు ఆ రెండూ.
"మరి మజ్జిలో పడవుండాలి కదండీ?"
"ఉండాలి. గడ్డిపడవ, ఉప్పుపడవ,
పేరున్న పెద్ద సరుకైతే
రెండో తలుపు అవతలైనా కట్టెయ్యచ్చు.
సర్వనామం చిన్న దోనె.
బయటుంచితే కొట్టుకుపోతుంది.
దాన్ని తలుపుల మధ్యే నిలపాలి.
ఇట్ అని రాయి, పడవే కదా."

కలం ఆగింది.
"పడవొక్కటే కాదండి వచ్చింది."

మన 'వచ్చింది'లో పడవుంటుంది, గేదె ఉంటుంది,
వాన ఉంటుంది, ఆడమనిషీ ఉంటుంది.
అందరికీ ఒకటే తోక.
ఇన్నాళ్లూ దాన్ని అవమానం అనుకున్నాను,
చాటు అనుకోలేదు ఎప్పుడూ.

ముక్కలుముక్కలుగా చెప్పాడు.
ఒంటిగంట దాటాక, దీపం లేని పడవ.
తలకిందులుగా కుట్టుమిషను,
దాని చక్రం మీద చెయ్యేసి ఒకావిడ.
పేరు ఆవిడ చెప్పలేదు, ఇతను అడగలేదు.
"తెల్లారేలోపు రాజోలు దాటాలి" అందట.
దూరంగా గట్టు మీద టార్చిలైట్లు రెండు
పొదపొదనీ అడుగుతూ వస్తున్నాయి.
తలుపు తీశాడు. దాటాక మూశాడు.
టార్చిలైట్ల వాళ్లు పడవ కట్టి రాగానే
రూలు చెప్పాడు: రాత్రిపూట వదలం.

"ఇట్ అంటే అబద్ధమండి.
ఇంకోలా రాస్తే, ఆ కాగితం
ఎవరి చేతిలో పడుద్దో."

అప్పుడు గుర్తొచ్చింది నాకు
లాకు గదిలో చెదలు తిన్న దొరలనాటి రిజిస్టరు.
అందులో ప్రతి పడవా ఆడమనిషే.
ఆమె వచ్చింది, ఆమె మీద నలభై బస్తాలు,
ఆమె అడుగున చిల్లు.

"హర్ అని రాయి, ఏసోబూ.
చదివేవాళ్లకి పడవ కనపడుతుంది."

ఐ లెట్ హర్ త్రూ.
తలుపు, ఆమె, తలుపు.

ఇక వెనక తోకపడవలు.
మన లో, కి, తో వెనక కూర్చుని చుక్కాని పడతాయి,
వాళ్లవి ముందు నడుస్తూ తాడు లాగుతాయి.
అట్ నైట్. ఇన్ ది రెయిన్. వితౌట్ ఎ లాంప్.
మూడూ రాశాడు, నాలిక బయటపెట్టి.
చివరిదాన్ని మళ్లీ కొట్టేశాడు.
"దీపం సంగతి ఆవిడదండి. నాది కాదు."

రెండు రోజుల జీతం కోశారు.
తిరిగొచ్చిన కాగితంలో ఎర్రసిరాతో ఒకటే దిద్దుబాటు,
హర్ కొట్టేసి పైన ఇట్.
కొత్త ఆఫీసరు, వ్యాకరణం తెలిసినవాడు.

ఏసోబు ఆ కాగితం మళ్లీ నాలుగు మడతలు పెట్టి
జేబులో వేసుకుని
కాలవకేసి చూస్తూ అన్నాడు,
"దాటిపోయిందండి."